కాలేజీ నాటకోత్సవం ఎలా పెట్టాలి: రాసే పిల్లల దగ్గర మొదలుపెట్టండి

"సార్, వచ్చే నెల మా కాలేజీలో నాటికల పోటీ పెడుతున్నామండీ. మంచి స్క్రిప్టు ఏదన్నా ఉంటే ఇప్పించరూ?" భీమవరం నుంచో అమలాపురం నుంచో ఇలాంటి ఫోను నాకు ఏటా వస్తుంది. అడిగేవాళ్ళకి నాటకమంటే ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. కానీ నెల ముందు వెతుక్కుంటే దొరికేది పరిషత్తుల్లో, అంటే ఏటా నాటక పోటీలు పెట్టే సంస్థల్లో, ఎన్నోసార్లు ఆడిన నాటికే. పిల్లలు దాన్ని బట్టీపడతారు, ఆ పాత్ర వేసిన పెద్ద నటుడి గొంతు అనుకరిస్తారు, షీల్డు పట్టుకుని ఇంటికి వెళతారు. వాళ్ళ సొంత మాట ఒక్కటి కూడా వాళ్ళ స్టేజీ మీద వినపడదు.

చుట్టుపక్కల ఎనిమిది పది కాలేజీల్ని పిలిచి రెండు రోజుల నాటకోత్సవం పెట్టాలనుకునే అధ్యాపకులకి, విద్యార్థులకి నేను చెప్పేది ఇదీ: హాలు, మైకు, భోజనాలు అన్నీ తర్వాత. రాసే పిల్లల్ని ఆరు నెలల ముందు పోగుచేయండి. మిగతా పనులన్నీ దాని వెనకే నడుస్తాయి.

ముందు తేదీ ఖాయం చేసుకోండి

మన డెల్టాలో నాటకానికి అన్ని నెలలూ కుదరవు. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక గ్రామాల పిల్లలు కాలేజీకి రావడమే కష్టం. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. పైగా కోతల ముందు ఆరుబయట లైటు వేస్తే చాలు, పురుగు ముసిరి నటుల నోట్లోకి పోతుంది. తర్వాత మాసూళ్ళు, అంటే కోతలు, నూర్పిళ్ళు, ఆ తర్వాత సంక్రాంతి.

మిగిలేది జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా. అందులో మాఘమాసం పెళ్ళిళ్ళున్నాయి. ముహూర్తాల రోజుల్లో షామియానా, మైక్‌సెట్, వంటవాళ్ళు ఎవరూ దొరకరు. పంచాంగం ఒక చేత్తో, యూనివర్సిటీ పరీక్షల క్యాలెండరు ఇంకో చేత్తో పట్టుకుని, ముహూర్తం లేని శుక్ర, శనివారాలు చూసుకోండి. వీరేశలింగం పంతులుగారి జయంతి ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం కాబట్టి అప్పుడే పెడదామని కొందరంటారు. ఎండలు, పరీక్షలు చూస్తే ఆ రోజు నాటక పఠనానికి బాగుంటుంది, ఉత్సవానికి కాదు.

ఫిబ్రవరిలో ప్రదర్శన అంటే ఆగస్టులో పని మొదలవ్వాలి.

నాలుగు శనివారాలు, పదిమంది పిల్లలు

ఆగస్టులో నోటీసు పెట్టండి. అందులో పోటీ అన్న మాట వాడకండి. "నాటిక రాయాలని ఉందా? శనివారం మధ్యాహ్నం రండి" అంటే చాలు. తెలుగు డిపార్ట్‌మెంటుకే కాదు, ఆక్వాకల్చర్ చదివేవాళ్ళకి, బీకాం వాళ్ళకి, ఇంజనీరింగ్ కాలేజీలకి కూడా పంపండి. పదిమంది వచ్చారంటే బాగా వచ్చినట్టే. పిలవబోయే కాలేజీలకి ఇదే నోటీసు, ఇదే పద్ధతి ఇచ్చి, అక్కడొక అధ్యాపకుణ్ణి బాధ్యత తీసుకోమనండి.

మొదటి శనివారం పెన్ను తీయనివ్వకండి. ఈ వారం మీ వీధిలో విన్న గొడవ ఒకటి చెప్పమనండి. అప్పుడు వింటారు చూడండి. పక్క చేను రొయ్యల చెరువు అయిపోయి తమ వరిమడిలోకి ఉప్పునీరు ఊరుతున్న సంగతి ఒకరు చెబుతారు. కువైట్‌లో పనిచేసే అమ్మ వీడియో కాల్‌లో పండగ పిండివంటలు చూపించమని అడగడం ఇంకొకరు చెబుతారు. కౌలు కాగితం లేక పంట నష్టం డబ్బు చేలో దిగని భూస్వామి ఖాతాలో పడటం, నరసాపురం వైపు లేసు అల్లే నాయనమ్మకి చూపు తగ్గడం, కొబ్బరి దింపు తీసే బాబాయి చెట్టు మీంచి పడ్డాక ఇంట్లో మారిన లెక్కలు, ఇవన్నీ వాళ్ళ గుమ్మంలో ఉన్నవే. వీటిని కథ అంటారని ఇంతవరకూ వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.

1880లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తాను రాసిన నాటకాన్ని విద్యార్థుల చేతే వేయించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనల్లో మొదటిదిగా దాన్ని చెప్పుకుంటాం. దాని వస్తువు దేవతలు కాదు, రాజులు కాదు. కోర్టుల్లో వకీళ్ళ మోసాలు. ఆ ఊళ్ళో అప్పుడు కళ్ళముందు జరుగుతున్న సంగతి. పిల్లలకి ఈ విషయం మొదటి రోజే చెప్పండి, ధైర్యం వస్తుంది.

రెండో శనివారం ఒక్క సీను రాసుకురమ్మనండి. దాన్ని రాసినవాళ్ళ చేత కాకుండా వేరేవాళ్ళ చేత గట్టిగా చదివించండి. అసలు పని ఇక్కడే జరుగుతుంది. ఒకసారి ఒక కుర్రాడు తండ్రీకొడుకుల సీను తెచ్చాడు. కొడుకు ఉద్యోగానికి హైదరాబాదు బయలుదేరుతున్నాడు. తండ్రికి అర పేజీ డైలాగు: ఈ నేల తల్లిరా, ఈ మట్టిలో మా తాతల చెమట ఉందిరా అని. చదవడం అయ్యాక అడిగాను, "మీ నాన్నగారు ఇలా మాట్లాడతారా?"

"లేదండి. మా నాన్న అసలేం మాట్లాడరండి."

"మరి నువ్వు హాస్టలుకి వచ్చిన రోజు ఏం చేశారు?"

కాసేపు ఆలోచించాడు. "సైకిలు టైర్లో గాలి కొట్టారండి. నా బ్యాగు ఆయనే బస్టాండు దాకా తొక్కుకొచ్చారు. బస్సెక్కాక, 'చిల్లరుందా?' అన్నారండి. అంతే."

తర్వాతి శనివారానికి అర పేజీ పోయింది, సైకిలు పంపు వచ్చింది. ప్రదర్శనలో తండ్రి వేసిన పిల్లాడు కొడుకు వైపు చూడకుండా గాలి కొడుతూనే ఉన్నాడు. టైరు నిండిపోయినా కొడుతూనే ఉన్నాడు. వెనక వరసలో కూర్చున్న ఒకాయన ఆగలేక, "ఇంక చాలయ్యా, పేలిపోద్ది!" అని పైకే అనేశాడు. అర పేజీ డైలాగుకి ఆ మాట వచ్చేది కాదు.

యాస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పిల్లలు నాయకుడికి పుస్తకాల భాష, పాలేరుకీ హాస్యగాడికీ మాత్రం గోదావరి యాస రాస్తారు. సినిమాలు చూసి చూసి "ఆయ్" అంటే నవ్వాలని నేర్చుకున్నారు. దాన్ని మాన్పించండి. అప్పులవాడి ముందు నిలబడ్డ కౌలు రైతు కూడా "ఆయ్, అలాగేనండి" అనే అంటాడు, అక్కడ నవ్వు రాదు. కోనసీమ మాట వేరు, ఏలూరు వైపు మాట వేరు, మెట్ట మాట వేరు. ఎవరింట్లో మాట వాళ్ళనే రాయనివ్వండి.

మూడో శనివారానికి నాటిక మొత్తం తయారవ్వాలి. నాలుగోది గడియారం పెట్టుకుని చదవడానికి. అరగంట నాటిక కావాలంటే కూర్చుని చదివినప్పుడు ఇరవై నాలుగైదు నిమిషాలకి మించకూడదు. స్టేజీ మీద నడక, మౌనం, వస్తువులు తీయడం పెట్టడం కలిసి మిగతా సమయం తినేస్తాయి.

నిబంధనలు ఒక్క పేజీలో

పరిషత్తుల్లో నాటిక గంట దాకా ఉంటుంది. కాలేజీ పిల్లలకి అరగంట పెట్టండి. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో ఏకాంకికకి అరగంటే, నటులు, తెర వెనక సాయం చేసేవాళ్ళు కలిపి తొమ్మిదిమందే. ఆ కొలతకి రాసుకుంటే ఇదే నాటిక రేపు యూనివర్సిటీ స్థాయికి పనికొస్తుంది. నంది నాటక పోటీల్లోనూ కళాశాల విద్యార్థుల నాటికలకి వేరే విభాగం ఉంది, దాని నిబంధనలు విడిగా చూసుకోవాలి.

రచన కొత్తది, విద్యార్థి రాసింది అయివుండాలి. నటులందరూ ఆ కాలేజీ వాళ్ళే అయివుండాలి. ఆడపాత్రకి బయటి నటిని పారితోషికం ఇచ్చి తెచ్చుకోవడం పరిషత్తుల్లో మామూలే. వాళ్ళ కష్టం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఇక్కడ అది ఒప్పుకుంటే మన అమ్మాయిలు ఎప్పటికీ స్టేజీ ఎక్కరు. ఎవరిదైనా కథని నాటికగా మార్చుకుంటే రచయిత నుంచి అనుమతి ఉత్తరం తెచ్చుకోవాలి. రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ళు ఆ హక్కు వారసులకి ఉంటుంది. సినిమా పాటలు వద్దు. హార్మోనియం, డప్పు వాయించే పిల్లలు ప్రతి కాలేజీలో ఉంటారు, వాళ్ళని వెతకండి.

స్క్రిప్టులు అక్టోబరు నెలాఖరుకి చేరాలి. పేరు, కాలేజీ చెరిపేసి నంబరు వేయండి. ముగ్గురు విడివిడిగా చదివి ఎనిమిది ఎంచాలి. ఎంపిక కాని ప్రతి స్క్రిప్టు మీదా నాలుగు వాక్యాలు రాసి తిప్పి పంపాలి. ఇది శ్రమే. కానీ ఆ నాలుగు వాక్యాలు అందిన పిల్లే మరుసటేడు మళ్ళీ రాస్తుంది.

రిహార్సల్ అంటే బస్సు టైము

నవంబరు, డిసెంబరుల్లో రీడింగులు, జనవరిలో సంక్రాంతి అవ్వగానే పూర్తి రిహార్సళ్ళు. ఇక్కడ అందరూ తడబడేది ఒక్కచోటే. కాలేజీ నాలుగింటికి వదిలితే, ఊళ్ళకి పోయే బస్సు అయిదున్నరకి ఉంటుంది. అది తప్పితే ఇంకొకటి ఎప్పుడో చెప్పలేం. రేవు దాటి వెళ్ళాల్సిన పిల్లలకి చీకటి పడితే పంటు పడవ దొరకదు.

కాబట్టి నటుల్ని ఎంచుకున్న రోజే ఒక కాగితం మీద ఎవరిది ఏ ఊరు, ఆఖరి బస్సు ఎన్నింటికి అని రాసుకోండి. రిహార్సల్ టైము దాన్ని బట్టి పెట్టండి. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పెట్టుకుంటే అమ్మాయిలందరికీ వీలవుతుంది, గొంతులు కూడా తాజాగా ఉంటాయి. తల్లిదండ్రులకి ఫోను చేసి చెప్పడం సరిపోదు. ఒక మహిళా అధ్యాపకురాలు ఇంటికి వెళ్ళి కూర్చుని, నాటకం ఏమిటో, పాత్ర ఏమిటో, ఎన్నింటికి తిరిగొస్తుందో చెప్పాలి. వాళ్ళని ఒక రిహార్సల్‌కి పిలవాలి. ఒక్కసారి వచ్చి చూసిన తల్లి మళ్ళీ అడ్డు చెప్పడం నేను చూడలేదు.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక కాలేజీ ఉత్సవంలో నా కళ్ళముందు జరిగింది. అయిదింటికి మొదలవ్వాల్సిన సభ ఆరున్నరకి మొదలైంది. వేదిక మీద పదిహేను మంది. శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి ఎనిమిది. మా పిల్లలది మూడో నాటిక. తల్లి పాత్ర వేసే అమ్మాయి వాళ్ళ నాన్న గేటు దగ్గర మోటారు సైకిలు మీద కూర్చుని గంట నుంచీ చూస్తున్నాడు. తొమ్మిదిన్నరకి తెర లేచింది. ఆ అమ్మాయి చివరి సీను ఆడకుండానే మేకప్‌తో వెళ్ళిపోవాల్సి వచ్చింది. తల్లి మాటల్ని వింగ్‌లోంచి, అంటే స్టేజీ పక్క తెర చాటు నుంచి, ఇంకో పిల్ల కాగితం చూసి చదివింది. రాసిన కుర్రాడు ఆ పక్కనే గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఆరు నెలల పని అది. తండ్రి తప్పు ఏమీ లేదు. ఆయనకి మేము చెప్పిన టైము ఎనిమిది.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ప్రారంభ సభ అరగంట, ముగ్గురే మాట్లాడతారు. ఒప్పుకున్నవాళ్ళనే అతిథులుగా పిలుస్తాం.

హాలు, లైట్లు, మైకులు

రాజమండ్రిలో అయితే ఆనం కళాకేంద్రం లాంటి చోటు ఉంది. చాలా ఊళ్ళలో కాలేజీ సెమినార్ హాలే గతి. దానికి చిన్నబుచ్చుకోవద్దు. స్టేజీ ఇరవై నాలుగడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు ఉంటే అరగంట నాటిక హాయిగా ఆడొచ్చు. అంత లేకపోతే ముందుకి బల్లలు వేసి పెంచుకోండి, కాని వాటి మీద ముందే పదిమందిని నడిపించి చూడండి. కిర్రుమని చప్పుడైతే కింద గోనెసంచులు వేయాలి. రెండు పక్కలా నల్లగుడ్డ వింగ్స్, వెనక నల్లతెర ఉంటే చాలు. పూలదండల డెకరేషను, థర్మోకోల్ అక్షరాలు ప్రారంభ సభ కాగానే తీసేయండి, నాటకం వెనక అవి కనపడకూడదు.

పెళ్ళిళ్ళకి లైట్లు పెట్టేవాళ్ళు రంగులు తిప్పడమే తెలిసినవాళ్ళు. వాళ్ళకి స్క్రిప్టు కాపీ ఇచ్చి, ఏ సీనులో ఏ లైటు వెలగాలో, ఏది ఆగాలో గుర్తులు వేసి ఇవ్వండి. ఎనిమిది పది లైట్లు, వెలుగు తగ్గించి పెంచే డిమ్మరు ఒకటి సరిపోతాయి. పాత వెయ్యి వాట్ల లైట్లు పది పెడితేనే పది కిలోవాట్లు అవుతుంది కాబట్టి కాలేజీ ఎలక్ట్రీషియన్ని పక్కన పెట్టుకుని లోడు చూసుకోండి. జనరేటరు తప్పదు. దాన్ని హాలుకి దూరంగా, గాలి వాలుకి అవతల పెట్టించండి, లేకపోతే మెల్లగా చెప్పే మాటలన్నీ ఆ మోతలో పోతాయి.

మైకులు స్టేజీ అంచున మూడు, పైనుంచి వేలాడేవి రెండు. నటుడు మైకు దగ్గరకి పరిగెత్తుకొచ్చి మాట చెప్పి వెనక్కి వెళ్ళే అలవాటు మొదటి రిహార్సల్లోనే పోవాలి. మూడొందల మంది హాల్లో మైకు లేకుండా ఒకరోజు ఆడించండి. వెనక వరసలో ఒకర్ని కూర్చోబెట్టి, వినపడకపోతే చెయ్యెత్తమనండి.

ఆరుబయట వేస్తే రాత్రి పదికల్లా మైకు ఆగాలి. లౌడ్‌స్పీకర్లకి రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిషేధం ఉంది. పోలీసు అనుమతి ముందే రాసి తీసుకోండి. ఫిబ్రవరి మంచుకి మైకులు, సెట్టు రంగులు తడిసిపోతాయి, పైన పందిరి ఉండాలి.

ఆ రెండు రోజులు

మూసిన హాలు దొరికితే పగలే పెట్టండి. కిటికీలకి నల్లగుడ్డ కడితే చీకటి వస్తుంది, పిల్లలు వెలుగుండగా ఇళ్ళకి చేరతారు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ రోజు ఆడే నాలుగు జట్లకీ తలా నలభై అయిదు నిమిషాలు స్టేజీ ఇవ్వండి. సెట్టు పెట్టుకుంటారు, లైటు చూసుకుంటారు, గొంతు సరిచూసుకుంటారు. మేకప్ ఆ తర్వాతే. భోజనం పదకొండున్నరకి, తేలిగ్గా. పులిహోర, పెరుగన్నం చాలు.

ఒంటిగంటకి మొదటి రోజు ప్రారంభ సభ. ఒకటిన్నరకి మొదటి నాటిక. అయిదు నిమిషాల ముందు మొదటి గంట, రెండు నిమిషాల ముందు రెండో గంట, మూడో గంటకి లైట్లు ఆరిపోవాలి. ఎవరొస్తున్నా ఆగొద్దు. నాటికకి అరగంట, సెట్టు పెట్టి తీయడానికి పదిహేను నిమిషాలు. నాలుగు నాటికలు నాలుగున్నరకి అయిపోతాయి.

స్టేజీ బాధ్యత ఒక్కరిదే ఉండాలి. ఆ ఒక్కరూ విద్యార్థే అయితే మరీ మంచిది. గంట కొట్టేది, తెర లేపమనేది, వింగ్‌లో గుంపుని బయటికి పంపేది ఆ మనిషే. ప్రిన్సిపాల్ అయినా తెర వెనక ఆ మాట వినాలి, ఇది ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పి ఉంచండి. పక్కన ఒక పెట్టెలో సూది దారం, పిన్నీసులు, టార్చి, ఇన్సులేషన్ టేపు, కొబ్బరినూనె, పాత గుడ్డలు. కొబ్బరినూనె మేకప్ తీయడానికి, మరిచిపోకండి.

రెండో రోజు ఉదయం స్టేజీ మీద జట్లు తయారవుతుంటే, పక్క గదిలో ఎంపిక కాని వాటిలో బాగున్న మూడు నాటికల్ని చదివించండి.

న్యాయనిర్ణేతలు, మాటామంతీ

ముగ్గురు చాలు: ఒక రచయిత, ఒక దర్శకుడు, ఒక నటి. మార్కుల కాగితం ముందే జట్లకి ఇవ్వండి. నేనైతే రచనకి 30, నటనకి 30, దర్శకత్వానికి 25, లైట్లు, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ అన్నిటికీ కలిపి 15 పెడతాను. పెద్ద సెట్టు తెచ్చుకోగల కాలేజీకీ ఏమీ లేని కాలేజీకీ తేడా ఆ 15లోనే ఆగిపోవాలి.

బహుమతులకన్నా ముఖ్యం నాలుగున్నర తర్వాత జరిగే గంట. ఆ రోజు నాటికలు రాసిన నలుగురినీ స్టేజీ మీద కూర్చోబెట్టి ప్రేక్షకుల్ని మాట్లాడనివ్వండి. మొదటి ప్రశ్న విద్యార్థిది కావాలి. న్యాయనిర్ణేతలు చివర్లో మాట్లాడతారు, "ఈ సీను ఎందుకు నిలిచింది, ఇక్కడ ఎందుకు జారింది" అన్నంత వరకే.

డబ్బు గురించి క్లుప్తంగా: పూర్వ విద్యార్థులు, రైస్‌మిల్లు వాళ్ళు, ఆక్వా వ్యాపారులు అడిగితే ఇస్తారు. రొయ్యల చెరువుల మీద నాటిక ఉంటే ఆ సంగతి దాతకి ముందే చెప్పండి, స్క్రిప్టు మాత్రం మార్చకండి. వచ్చినదాంట్లో మొదట జట్ల దారి ఖర్చులు, భోజనాలు తీసి పక్కన పెట్టండి. దారి ఖర్చు వచ్చిన రోజే చేతికివ్వాలి.

తర్వాత

ఎనిమిది నాటికలూ టైపు చేయించి, కుట్టించి, జిల్లాలో ప్రతి కాలేజీ లైబ్రరీకి ఒక కాపీ పంపండి. మరుసటేడు ఎవరూ మీకు ఫోను చేసి స్క్రిప్టు అడగక్కర్లేదు.

బాగా కుదిరిన రెండింటిని ఊళ్ళలోకి తీసుకెళ్ళండి. శ్రీరామనవమికి మన ప్రతి ఊళ్ళో పందిరి వేస్తారు. మైకు, లైట్లు, జనం అన్నీ అక్కడే ఉంటాయి. రైతు నాటికైతే రాసిన పిల్లాడి ఊరికే పట్టుకెళ్ళండి. కమిటీ పెద్దల్ని ఫిబ్రవరిలోనే కలిసి ఒక సాయంత్రం అడగాలి. ఉగాది దాటితే ఆ సాయంత్రాలన్నీ హరికథకో పాటకచేరీకో మాటిచ్చేసి ఉంటారు.